మంచం పట్టిన బెల్టు

కొండకొర్రి సంచార వైద్య విభాగానికి ఒక జీపు ఉంది. ఆ జీపుకి ఒక బెల్టు ఉంది. డ్రైవరు నడుముకి పెట్టుకునేది కాదు, సీటుకి ఉండేదీ కాదు. జీపు బురదలో దిగబడితే ఒక కొస జీపు కొక్కేనికీ, రెండో కొస ఏ ట్రాక్టరుకో తగిలించి బయటికి లాగే బెల్టు. అరచెయ్యంత వెడల్పు. కొన్న రోజున పసుపు రంగు, మర్నాటినుంచీ బురద రంగు. డ్రైవరు తవిటయ్య దాన్ని లాగుడు బెల్టు అనేవాడు. ఆఫీసు కాగితాల్లో దాని పేరు వాహనోద్ధరణ పట్టీ.

పేరు అంత పొడుగున్నది ఏదైనా సరే, ఆఫీసులో ఊరికే పడి ఉండదు. ఎప్పుడో ఒకప్పుడు దానికి యోగం పడుతుంది.

మంగళవారం మంగళవారం ఆ జీపు కొండ మీద మెట్టగూడ సంతకి వెళ్లేది. ముందు సీట్లో తవిటయ్య, నర్సు సువార్త. వెనక మందుల పెట్టెలు. సంతకి చుట్టుపక్కల గూడేలన్నీ దిగుతాయి కాబట్టి మలేరియా మాత్ర కావాలన్నా, బీపీ చూపించుకోవాలన్నా, ఫిట్సు మందు తీసుకోవాలన్నా అదే చోటు, అదే రోజు. దారిలో జారుడుగెడ్డ అని ఒకటుంది. గెడ్డలో నీళ్లు మోకాలి లోతే గాని, ఆవలి ఒడ్డున బురదకి మాత్రం లోతు లేదు. వారం తప్పకుండా జీపు అక్కడ దిగబడేది. వారం తప్పకుండా సంతకి ఉల్లిపాయలు తెచ్చే ట్రాక్టరు వెనకాలే వచ్చి, ముందుకెళ్లి, బెల్టు తగిలించి లాగేది.

ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు అసిరినాయుడు ఒక మంగళవారం మందుల లెక్క చూడ్డానికని ఆ జీపెక్కాడు. అతను వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఆ మాటకొస్తే పదో తరగతి దాటిన మొదటి మనిషి. చిన్నప్పటినుంచీ వీధి మొత్తానికి ఎరువు బస్తా మీద ఏం రాసుందో, దగ్గుమందు అట్టపెట్టెలోని మడత కాగితం ఏం చెప్తోందో చదివి వినిపించడం అతని పనే. దాంతో అచ్చులో ఉన్న ప్రతి అక్షరం ఎవరో మన మంచి కోరి రాసిందేనని అతనికో నమ్మకం. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ప్రొబేషను. "ఇతని ఆధీనంలోని ఏ వస్తువుకీ నష్టం వాటిల్లలేదు" అని పైవాళ్లు రాసిచ్చిన రోజున ఖాయమవుతుంది. వాళ్ల నాన్న ఆదివారం ఆదివారం ఫోన్ చేసి "పెర్మనెంటు అయ్యిందేట్రా?" అని తప్ప ఇంకో మాట అడిగేవాడు కాదు.

జీపు యథాప్రకారం దిగబడింది. సంతకి పసుపు కొమ్ముల గంప నెత్తిన పెట్టుకుని పోతున్న పాంగి దసుమ గట్టు మీద ఆగి తమాషా చూసింది. ఆమెది గెడ్డ పక్క గూడెమే. ఆమెకి ఫిట్సు జబ్బు. సువార్త ఇచ్చే మాత్రలు వేసుకున్నన్నాళ్లూ మనిషి గట్టిగా తిరుగుతుంది. మానిందంటే ఎక్కడుంటే అక్కడ పడిపోతుంది.

"ఏటి తవిటన్నా, మా గెడ్డకీ మీ జీపుకీ మనువైనట్టుంది. పెతి వోరం వొచ్చి కాళ్లు సాపి తొంగుంటాది," అంది.

"నవ్వు, నవ్వు. నీ మందులు ఇందులోనే ఉన్నాయి," అన్నాడు తవిటయ్య. తర్వాత బెల్టు చేతిలోకి తీసుకుని, నవ్వు మానేసి, అసిరినాయుడిని పిలిచాడు. "సూడు బావూ, అంచు ఎలగ సీరుకుపోనాదో. లాగినప్పుడు తెగిందంటే కొరడాలాగ వొచ్చి తగుల్తాది. నిల్చున్నోడు నిల్చున్నట్టే పోతాడు."

అందర్నీ దూరం జరిపి, ఆ వారానికి ఎలాగో లాగారు. సాయంత్రం అసిరినాయుడు సీటు కింద వెతికితే బెల్టుతోపాటు వచ్చిన మడత కాగితం దొరికింది. ఎవరూ విప్పలేదు. విప్పి, అలవాటు ప్రకారం ఆసాంతం చదివాడు. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, లేకపోతే ఇసుక రేణువులు పోగుల్ని కోస్తాయి. ఎండ పనికిరాదు. నీడపట్టున, చల్లగా గాలి తగిలే చోట ఆరెయ్యాలి. ముడి వెయ్యకూడదు. నూనె తగలనివ్వకూడదు. అంచు చిరిగితే మాత్రం ఇక వాడకూడదు. ఇంకెవరూ వాడకుండా ముక్కలుగా కోసి పారేసి, కొత్తది తెచ్చుకోవాలి.

చక్కటి కాగితం. ఇందులో అర్థంకాని మాట ఒక్కటీ లేదు. అసిరినాయుడు దాన్ని ముత్యాల్లాంటి తెలుగులోకి మార్చి, పైన "బెల్టు చిరిగింది, కొత్తది ఇప్పించగలరు" అని రాసి, సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాడు. జరిగిన పొరపాటల్లా అదే. ఉత్త "చిరిగింది" అని రాసి ఊరుకుంటే ఏమయ్యేదో గాని, ఆఫీసు చేతికి చక్కటి తెలుగు ఇచ్చాడు.

సూపరింటెండెంటు ఉమామహేశ్వరం గారు కాగితాన్ని చదవరు, దర్శిస్తారు. చాలాసేపు దర్శించి కళ్లజోడు తీశారు.

"పట్టీ శిథిలమైనదని నివేదించియున్నావు."

"అవును సార్. అంచు చిరిగింది."

"ఉపయోగం వలన శిథిలమైనదా, ఉపేక్ష వలన శిథిలమైనదా?"

"బురదలో జీపుని లాగితే చిరుగుతుంది కద సార్."

"అది నీ ఊహ. ఉపేక్ష వలన అయినచో బాధ్యుడెవరో తేల్చవలెను. ఉపయోగం వలన అయినచో, తగు సంరక్షణ గావించిననూ శిథిలమైనదని రుజువు చేయవలెను. సంరక్షణ గావించినారా?"

అసిరినాయుడికి అబద్ధం రాదు. "లేదు సార్. ఎవరూ కడిగేవారు కాదట."

"కావున ముందు సంరక్షించుము. సంరక్షించిన పిమ్మటయు శిథిలముగానే యున్నచో అప్పుడు కొత్తది కోరవచ్చును."

"చిరిగిపోయింది సార్. ఎంత బాగా చూసుకున్నా అతుక్కోదు."

"ఆ విషయము సంరక్షణానంతరం తేలును."

"ఈలోగా జీపు దిగబడితే?"

ఉమామహేశ్వరం గారు జాలిగా చూశారు. "నాయనా, ఇది పట్టీ ఫైలు. జీపుది వేరే ఫైలు."

ఆ సాయంత్రానికే పట్టీ సంరక్షణాధికారిగా అసిరినాయుడికి అదనపు బాధ్యతలు అప్పగిస్తూ ఉత్తర్వు వెలువడింది. పట్టీ ఇప్పుడతని ఆధీనంలోని వస్తువు. దానికేదైనా అయితే ప్రొబేషను సంగతి దేవుడెరుగు.

కథ అక్కడితో ఆగి ఉంటే, బెల్టు మూలన పడి ఉండేది. తవిటయ్య ఎక్కడో ఒకచోట ఇంకో తాడు సంపాదించుకునేవాడు. కాని ఉపసంచాలకులు విశ్వభూషణ్ గారు అప్పుడే రాజధానిలో "వస్తు సంక్షేమ దృక్పథం" అనే శిక్షణ ముగించుకుని వచ్చారు. ఆ శిక్షణలో ఏం జరిగిందో గాని, వచ్చినప్పటినుంచీ ఆయన కుర్చీలో నెమ్మదిగా, కుర్చీని ఓసారి నిమిరి, కూర్చుంటున్నారు.

"మిత్రులారా," అన్నారు ఆయన సిబ్బందిని సమావేశపరిచి, "ఇంతకాలం మనం వస్తువులను వాడుకున్నాం. ఒక్కసారైనా వస్తువు పక్షాన నిలిచి ఆలోచించామా? ఒక పట్టీ ఉంది. బరువంతా తాను మోసింది. బురదంతా తాను పూసుకుంది. ప్రతిగా మనమేమిచ్చాం?"

తవిటయ్య ఒక్కడూ చెవి గోక్కున్నాడు.

"ఒక యువ ఉద్యోగి రచించిన ఈ సంరక్షణ సూత్రావళి నన్ను కదిలించింది," అంటూ ఆయన అసిరినాయుడి కాగితం పైకెత్తి చూపించారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ మర్నాటినుంచీ వస్తు సంక్షేమ పక్షోత్సవాలు మొదలయ్యాయి. వాటికి ఆదర్శ వస్తువుగా పట్టీ ఎంపికైంది.

నీడపట్టున, చల్లగా, గాలి తగిలేలా. కాగితంలో ఉన్నది అది. ఆఫీసు మొత్తం మీద అలాంటి గది ఒక్కటే. సెలైను ఎక్కించాల్సిన రోగుల కోసం వెనకవైపు ఉంచిన మంచం గది. రోగుల్ని వరండాలోకి మార్చి, మంచానికి కొత్త దుప్పటి పరిచి, దాని మీద పట్టీని ముడి పడకుండా చాపారు. పైన ఫ్యాను. కిటికీకి ఆకుపచ్చ తెర. కాళ్ల దగ్గర చార్టు వేలాడదీశారు. ఉదయం, సాయంత్రం పట్టీని పరిశీలించి నమోదు చెయ్యాల్సిందిగా నర్సుకి ఉత్తర్వు.

సువార్త గుంటూరు వైపు మనిషి. నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "ఏందయ్యా అసిరినాయుడూ, నేను చదివింది నర్సింగు. బెల్టుకి బీపీ చూడమంటే ఎట్టా చూడాలి? ఏ చేతికి కట్టను?"

"బీపీ అక్కర్లేదు సిస్టర్. తడిగా ఉందా, పొడిగా ఉందా, అంతే."

ఆమె చార్టు మీద రాసింది: "ఉదయం, పొడి. సాయంత్రం, పొడి. నొప్పి ఉన్నట్టు చెప్పలేదు." ఉపసంచాలకులు గారు ఆ చివరి మాట చదివి, ఇలాంటి సిబ్బంది ఉండటం విభాగం అదృష్టమన్నారు.

మంగళవారం వచ్చింది. తవిటయ్య గది గుమ్మంలో నిలబడ్డాడు. "బెల్టు ఇస్తే సంతకి ఎల్తాను."

ఇవ్వడానికి అసిరినాయుడికి అధికారం లేదు. ఇద్దరూ ఉపసంచాలకుల దగ్గరికి వెళ్లారు.

"పట్టీ వాడకానికి నేను వ్యతిరేకిని కాను," అన్నారు విశ్వభూషణ్ గారు. "కాని బురద తగలరాదు. బురద లేని చోట నిరభ్యంతరంగా వాడుకోవచ్చు."

"బురద లేని సోట జీపు ఎందుకు దిగబడతాది సార్?"

"శభాష్. సరిగ్గా అదే మనం సాధించవలసిన లక్ష్యం!"

లక్ష్యసాధన ఆ క్షణంలోనే మొదలైంది. పట్టీ అవసరం కలిగే అవకాశమున్న దారులన్నిటా జీపు ప్రయాణం నిలిపివేశారు. ఇక మంగళవారాల్లో జీపు తారురోడ్డు మీద చెక్‌పోస్టు దాకా వెళ్లి, అక్కడ ఆగి, తిరిగొచ్చేది. చెక్‌పోస్టు దగ్గర మెట్టగూడ వాళ్లెవరూ ఉండరు. లారీ డ్రైవర్లుంటారు. మందులు ఖర్చు కాకపోతే అదో సంజాయిషీ కాబట్టి, సువార్త వాళ్లని బలవంతాన కూర్చోబెట్టి బీపీ చూసి విటమిను మాత్రలిచ్చేది. ఆ దారిన పోయే లారీ డ్రైవర్ల ఆరోగ్యం బ్రహ్మాండంగా మెరుగుపడింది. నెల నివేదికలో అసిరినాయుడు రాశాడు: "దిగబడిన వాహనాలు, శూన్యం." అబద్ధం ఒక్కటి లేదు. రాస్తుంటే మాత్రం కలం బరువుగా అనిపించింది.

"తవిటయ్య మావా, కొండ మీదోళ్లు ఏం చేస్తున్నారో," అన్నాడు ఓ రోజు.

"ఏటి సేత్తారు? మన బెల్టు బాగుండాలని మొక్కుకుంటన్నారు."

వానలు దగ్గరపడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం దసుమ ఆఫీసుకొచ్చింది. కొండ మీదినుంచి నడిచి. పసుపు గంప లేదు. ఎడమ చేతికి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది. మాత్రలైపోయాక పొయ్యి దగ్గర వంట చేస్తూ పడిపోయిందట. కూతురు చూసి లాగింది కాబట్టి చెయ్యొక్కటే కాలింది. దారిలో ఫిట్సొస్తే లోయలో పడేదానివి కదా అని సువార్త తిట్టింది. తిడుతూనే వరండాలో కూర్చోబెట్టి కట్టు మార్చి, మందిచ్చింది.

"కాసేపు తొంగుంటాను సిస్టరమ్మా. కాళ్లు నాయి కావు," అంది దసుమ.

దసుమ లేచి, ఎప్పుడో ఒకసారి సెలైను పెట్టించుకున్న గది గుర్తుండి అటు నడిచింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. మంచం, కొత్త దుప్పటి, తిరుగుతున్న ఫ్యాను, దాని కింద చాపి పడుకోబెట్టిన బెల్టు. పక్కన స్టూలు మీద అసిరినాయుడు.

"దీనికేటి రోగం బాబూ?"

అసిరినాయుడు లేచి నిలబడ్డాడు. "అంచు చిరిగింది."

"నాకు సెయ్యి కాలింది," అంది దసుమ, పోటీకి దిగినట్టు. చార్టు దగ్గరకెళ్లి చూసింది. "ఈ కాయితమేటి సెప్తాది?"

"...పొడిగా ఉందని. నొప్పి లేదని."

"నయమే. మందులేటైనా వాడతన్నారా?"

అప్పుడే విశ్వభూషణ్ గారు రోజువారీ పరామర్శకి వచ్చారు. వెనక ఉమామహేశ్వరం గారు. విషయం విని, ఉపసంచాలకులు దసుమ వైపు తిరిగి ఎంతో మర్యాదగా చెప్పారు: "అమ్మా, నీ బాధ మాకు తెలియనిది కాదు. అయితే మనుషుల సంక్షేమం విషయంలో ఇదివరకే చాలా జరిగింది. వస్తువుల వంతు ఇప్పుడిప్పుడే మొదలైంది."

దసుమ మంచం కేసి చూసింది. "అలగైతే నేనూ బెల్టునే అని రాసీ బాబూ. నేనూ బరువులు మోసినాను, నేనూ సిరిగినాను. ఈ మంచం మీద ఓ పక్కకి తొంగుంటాను. నాకు ఫేను కూడా అక్కర్నేదు."

"పట్టీ నిర్వచనంలో నీవు రావు," అన్నారు ఉమామహేశ్వరం గారు.

"నేనంటే నడిసొచ్చేసినాను," అంది ఆమె, ఇప్పుడు అసిరినాయుడినే చూస్తూ. "మా గూడెంలో జొరాలోల్లు ఉన్నారు. పైన ముసిలోల్లు ఉన్నారు. వానలు పడితే గెడ్డ దాటి మనిషి రాడు. జీపు వొత్తాదా, రాదా? ఓటే మాట సెప్పు. వొస్తే ఎదురు సూత్తాం, రాపోతే మానేత్తాం."

పెద్దవాళ్లిద్దరూ వెళ్లిపోయారు. దసుమ వరండాలో చాప మీద పడుకుంది. అసిరినాయుడు స్టూలు మీద కూర్చుని, ఇంకేం చెయ్యాలో తోచక, చిన్నప్పటినుంచీ తోచనప్పుడల్లా చేసే పనే చేశాడు. మడత కాగితం తీసి మళ్లీ మొదటినుంచీ చదివాడు. నీడపట్టున, చల్లగా గాలి తగిలే చోట. ఫ్యాను కేసి చూశాడు. కొండకొర్రిలో ఆ పూట ఉక్కపోత. ఫ్యాను వేడిగాలినే తిప్పుతోంది. చల్లగా అంటే ఎక్కడ? ఈ విభాగం హద్దుల్లో అన్నిటికంటే చల్లటి చోటు ఏది?

పెన్ను తీశాడు. ఈసారి తెలుగు చక్కగా ఉండకుండా జాగ్రత్త పడ్డాడు.

"ఆదర్శ పట్టీ ప్రస్తుతము ఉష్ణ వాతావరణమున విశ్రమించుచుండుట సూత్రావళికి విరుద్ధమని సవినయముగా మనవి. విభాగ పరిధిలో మెట్టగూడ సంత ప్రదేశము అత్యంత శీతలము, ఛాయాయుతము, వాయుప్రసారయుతము అయియున్నందున, పట్టీని ప్రతి మంగళవారము అచ్చటికి గొనిపోయి గాలి సోకించుట యుక్తము. పట్టీని నిత్యము పరిశీలించు నర్సు వెంట ఉండుట తప్పనిసరి. నర్సు ఎచ్చటికి పోయిననూ మందుల పెట్టెలు వెంట ఉండవలెనని పాత ఉత్తర్వు కలదు."

విశ్వభూషణ్ గారు చదివి కాసేపు కిటికీలోంచి కొండల కేసి చూశారు. కళ్లు చెమర్చాయి. "శీతల విశ్రాంతి యాత్ర," అన్నారు. "ఇంతకాలం ఎవరికీ తట్టలేదు."

ఉమామహేశ్వరం గారికి మాత్రం సందేహమొచ్చింది. "దారిలో జారుడుగెడ్డ కలదు. పట్టీ లోపల ఉండగా వాహనము బురదలో కూరుకుపోయినచో, పట్టీ భద్రత మాటేమిటి? వాహనమును వెలికి తీయుటకు సాధనము కావలెను. పట్టీని వాడరాదు."

"నిజమే సార్," అన్నాడు అసిరినాయుడు, ఆ ప్రశ్న కోసమే కాచుకున్నవాడు కాబట్టి నేల చూపులు చూస్తూ. "పట్టీని తీసుకెళ్లే జీపుని లాగడానికి ఒక మామూలు బెల్టు ఉంటే..."

"మరి ఆ మామూలు పట్టీకి బురద తగలదా?"

"తగుల్తుంది సార్. అది దాని ఉద్యోగం. ముఖ్యులు ప్రయాణం చేసేటప్పుడు ముందు ఒక పోలీసు జీపు వెళ్తుంది చూడండి, అలాగ."

ఉపసంచాలకులు బల్ల చరిచారు, తర్వాత బల్లని నిమిరారు. "అంగరక్షక పట్టీ!"

జీపుని లాగడానికి కొత్త బెల్టు అడిగితే ఎండాకాలమంతా రాలేదు. బెల్టుని కాపాడ్డానికి కొత్త బెల్టు అడిగితే ఆ సాయంత్రమే మంజూరై, మంగళవారం లోపల వచ్చేసింది. నిగనిగలాడే పసుపు రంగు. తవిటయ్య దాన్ని భుజాన వేసుకుని మురిసిపోయాడు. "ఏదెలగొచ్చినా బెల్టు బెల్టే బావూ."

యాత్రకి ఉపసంచాలకులు స్వయంగా బయల్దేరారు, సూపరింటెండెంటుతో సహా. ముందు సీట్లో తెల్లటి దుప్పటిలో పట్టీ. తవిటయ్య తప్ప మనుషులంతా వెనక, మందుల పెట్టెల మధ్య ఇరుక్కుని. సువార్త వెనకనుంచి వంగి పట్టీకి ఎండ తగలకుండా గొడుగు పట్టింది. "మా ఆయనక్కూడా ఎన్నడూ పట్టలేదయ్యా ఇట్టా," అని గొణిగింది.

జారుడుగెడ్డ వచ్చింది. తొలివాన ముందురోజే పడింది. జీపు ఇన్నాళ్ల ఎడబాటు తీరేట్టు ఇరుసుల దాకా దిగిపోయింది. గట్టు మీద దసుమ ఉంది. గూడెం జనమూ ఉన్నారు, జీపు చప్పుడు విని వచ్చినవాళ్లు. ఉల్లిపాయల ట్రాక్టరు ముందుకెళ్లి నిలబడింది. తవిటయ్య బురదలోకి దూకి కొత్త బెల్టు తగిలించాడు. "అందరూ దూరం పోండి!" ట్రాక్టరు గుర్రుమంది. పసుపు బెల్టు బిగిసింది, వణికింది, బురద నీళ్లు చిందించింది. జీపు ఒక్క కుదుపుతో పైకి వచ్చింది. జనం కేకలేశారు.

సంతలో ఆదర్శ పట్టీని రెండు పనసచెట్ల మధ్య నీడలో వేలాడదీశారు. చల్లటి గాలికి అది మెల్లగా ఊగింది. ఉపసంచాలకులు ఎదురుగా కుర్చీ వేసుకుని తృప్తిగా చూస్తూ కూర్చున్నారు. ఆయన వీపు వెనక, సువార్త ముందు, వరస సంత చివరిదాకా సాగింది. జ్వరాలు, దగ్గులు, బీపీలు. అసిరినాయుడు మాత్రలు లెక్కపెట్టి అందిస్తూనే ఉన్నాడు. మధ్యలో ఎవరో ముసలమ్మ పట్టీని దండెం అనుకుని తడిసిన దుప్పటి దాని మీద ఆరేసింది. కాసేపు కల్లోలమైంది గాని, దసుమ సర్దిచెప్పింది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో గెడ్డ దగ్గర అసలు ప్రమాదం ఎదురైంది. జీపు దిగబడటం కాదు; అది మళ్లీ దిగబడింది, మళ్లీ లాగారు. ప్రమాదమేమిటంటే, విశ్వభూషణ్ గారి చూపు గట్టు రాయి మీద చుట్టపెట్టి ఉన్న కొత్త బెల్టు మీద పడింది. నిలువెల్లా బురద. ఆయన దాని దగ్గరకెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నారు.

"రెండుసార్లు. ఒక్క రోజులో రెండుసార్లు. ఒక్క మాట అనకుండా." ఆయన కళ్లు తుడుచుకున్నారు. "ఉమామహేశ్వరం గారూ, గదిలో ఇంకో మంచం పడుతుందా?"

ఉమామహేశ్వరం గారు జేబులోంచి పెన్ను తీశారు.

తవిటయ్య అసిరినాయుడి కేసి చూశాడు. సువార్త చూసింది. సంతనుంచి వాళ్లతోనే తిరిగొచ్చిన దసుమ, కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని చూసింది. ఉపసంచాలకుల చేతిసంచీలో అసిరినాయుడి ప్రొబేషను కాగితం ఉంది. నష్టం వాటిల్లలేదని ఒక్క సంతకం తక్కువ. కొండ దిగగానే పెడతానని పొద్దున్నే అన్నారు కూడా. పైన ఆకాశం నల్లగా ఉంది. వచ్చే మంగళవారానికి గెడ్డ ఎలా ఉంటుందో చూస్తూనే తెలుస్తోంది.

"సార్," అన్నాడు అసిరినాయుడు. "అది మనది కాదు."

"మనది కాదా? మరి మన అంగరక్షక పట్టీ?"

"గెడ్డలో కొట్టుకుపోయింది సార్. ఇందాక కొక్కెం విప్పుతుంటే. నా చేతిలోంచే."

గెడ్డ మోకాలి లోతున గలగలమంటోంది.

"ఇది మరెవరిది?" అన్నారు ఉమామహేశ్వరం గారు.

అసిరినాయుడి దగ్గర అబద్ధం ఒక్కటే తయారుగా ఉంది, అదైపోయింది.

"నాది బాబూ," అంది దసుమ. చుట్ట ఎత్తి భుజాన వేసుకుంది. బురద రవిక మీద కారింది. "మేకని కట్టుకుంటాను."

విశ్వభూషణ్ గారు ఆ మాట వినిపించుకోలేదు. గెడ్డ వైపు తిరిగి తల వంచి నిలబడ్డారు.

ప్రొబేషను కాగితం మీద సంతకం పడలేదు. ఆధీనంలోని వస్తువు నష్టమైనందున ఇంకో ఏడాది పొడిగించారు. ఆదివారం ఫోనులో "పెర్మనెంటు అయ్యిందేట్రా?" అంటే అసిరినాయుడు "ఇంకొంచెం ఉంది నాన్నా" అన్నాడు. "సరే, బాగా సెయ్యి," అని పెట్టేశాడు తండ్రి. ఆ మాటకి అసిరినాయుడికి ఆ పూట అన్నం సయించలేదు.

మంగళవారం మంగళవారం జీపు, ముందు సీట్లో పట్టీతో, వెనక మందులతో, మెట్టగూడ వెళ్తూనే ఉంది. గెడ్డ దగ్గర దిగబడగానే తవిటయ్య హారను కొడతాడు. దసుమ మేకతాడు తెస్తుంది. లాగడం అయ్యాక గెడ్డ నీళ్లలో జాడించి, ఇంటి వెనక నీడన ఆరేస్తుంది. ఆమెకి అలా చెయ్యాలని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. బురద గుడ్డ ఎవరైనా ఉతుక్కుంటారు.

ఇక ఆఫీసులో, గెడ్డ పాలైన అంగరక్షక పట్టీ ఫొటో గోడకెక్కింది. దండ వేశారు. కింద "విధి నిర్వహణలో" అని రాయించారు. అంగరక్షక స్థానం ఒక్కరోజైనా ఖాళీగా ఉండరాదని మరో కొత్త బెల్టు వెంటనే తెప్పించారు. దానికి మొదటిదాని గతి పట్టకూడదని సీలు విప్పకుండా జీపులో ఉంచాలని ఉత్తర్వు. నెలకోసారి ఫొటో ముందు సిబ్బంది అంతా నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు.

మొన్న అలా పాటిస్తుండగా తవిటయ్య మెల్లగా జరిగి అసిరినాయుడి పక్కకొచ్చాడు. కళ్లు మూసుకునే గుసగుసలాడాడు.

"దసుమ మేకతాడు అంచు సీరుకుపోతంది బావూ. కొత్తది కావాల."

అసిరినాయుడూ కళ్లు మూసుకునే ఉన్నాడు. జీపులో సీలుతో ఉన్న బెల్టు గుర్తొచ్చింది. గోడ మీద ఫొటో పక్కన ఖాళీ జాగా గుర్తొచ్చింది. ఇంకో ఏడాది ప్రొబేషను గుర్తొచ్చింది. ఆదివారం గుర్తొచ్చింది.

"సరే మావా," అన్నాడు. "ఈ మంగళవారం గెడ్డకి వరదొస్తుంది."